మొగపాలెం బురదలో ఎవరి నూనె

నేను రిటైరై ఎనిమిది నెలలైంది. నా వయసు ముప్పై తొమ్మిది. కంగారు పడకండి, జబ్బేమీ లేదు. సముద్రపు నీళ్లలో, అడుగు బురదలో పెట్రోలియం నూనె ఎంత కలిసిందో కొలిచే స్కీములో నేను కెమిస్టుని. పోయినేడు ఆ స్కీము మూసేశారు. నాకు శాలువా కప్పారు, గోడ గడియారం చేతిలో పెట్టారు, నలుగురు మైకు ముందు నిలబడి నేను పోయినట్టే మాట్లాడారు. దీన్ని రిటైర్మెంట్ అనకపోతే ఇంకేమనాలో నాకు తెలీదు.

ఇప్పుడు అదే పని ఇంకో పేరుతో ఇంకో ఆఫీసు మొదలుపెడుతోందట. అందులో చేరబోయే పిల్లలిద్దరు మొన్న ఇంటికొచ్చి "ఏం చదువుకుని రమ్మంటారు సార్?" అని అడిగారు. చదవాల్సిందంతా మాన్యువల్లో ఉంది. మాన్యువల్లో లేనిది ఇక్కడ రాస్తున్నాను.

పనేమిటంటే

మాది పొదిలి. మా వైపు మామూలు నీళ్లు రావడమే ఒక వార్త, ఇక సముద్రం సంగతి చెప్పేదేముంది. నేను సముద్రాన్ని మొదటిసారి చూసింది ఉద్యోగంలో చేరాక, ఆఫీసు జీపులోంచి. మా లాబ్ మాత్రం గుంటూరులో, మిర్చి యార్డుకి దగ్గర్లో ఒక అద్దె మేడ మీద ఉండేది. సీజన్లో గాలి మళ్లితే అందరం వరసగా తుమ్మేవాళ్లం. సముద్రాన్ని పరీక్షించే లాబ్ సముద్రానికి గంటన్నర దూరంలో ఎందుకుందని చేరిన కొత్తలో అడిగాను. "ఇక్కడ కరెంటు ఉంటుంది" అన్నారు.

పని ఇది. అడుగు నుంచి బురద తెస్తాం, లేదా నీళ్లు తెస్తాం. హెక్సేన్ అనే ద్రావకంతో అందులో ఉన్న నూనెను బయటికి లాగుతాం. దాని మీద కంటికి కనబడని అతినీలలోహిత కాంతి వేస్తాం. నూనె వెలుగుతుంది. ఎంత వెలిగితే అంత నూనె. ఇంత చిన్న ముక్క అర్థం కావడానికి నాకు ఎమ్మెస్సీ మొత్తం పట్టింది.

కష్టం ఎక్కడొస్తుందంటే, లోకమంతా నూనే. పడవ ఇంజను నూనె, జీపు నూనె, చేతికంటిన గ్రీజు నూనె, బురద పట్టుకునే ప్లాస్టిక్ కవరు కూడా నూనె కిందే లెక్క. అందుకే బురదను కాల్చి చల్లార్చిన అల్యూమినియం రేకులో చుడతాం. మనం వెతికేది చుక్క, మనం వెళ్లే వాహనం డ్రమ్ముడు. ఈ సంగతి గుర్తున్నంతసేపే మీరు కెమిస్టులు.

మా శ్రీనివాసు పల్నాడు వైపు బావుల్లో ఫ్లోరైడు కొలిచే లాబ్ నుంచి బదిలీ మీద వచ్చాడు. ఎంతో పద్ధతైన మనిషి. సీసాలో నీళ్లు పట్టేముందు అవే నీళ్లతో సీసాని మూడుసార్లు తొలిచేవాడు. ఫ్లోరైడుకి అదే సరైన పద్ధతి. నూనెకి అలా చేస్తే, తొలిచిన ప్రతిసారీ కాస్త నూనె గాజుకి అంటుకుని ఉండిపోతుంది. వాడు తెచ్చిన నీళ్లు చూస్తే బంగాళాఖాతం పెట్రోలు బంకులా కనబడింది.

"నేను చాలా శుభ్రంగా చేశానండీ" అన్నాడు.

"అదేనయ్యా నువ్వు చేసిన తప్పు" అన్నారు మా పెద్దాయన.

పెద్దాయన

ఆయన పేరు విశ్వనాథం గారు, మా లాబ్ ఇన్‌ఛార్జి. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. ఆయనకి నవ్వడం రాదని కాదు, ఆ పోస్టు మంజూరు కాలేదంతే. నేను జోకు వేస్తే ముగిసేదాకా ఆగి, "అయ్యిందా?" అని అడిగేవారు.

రిపోర్టులో ఒకే నంబరు ఉండాలన్నది ఆయన పట్టు. "రెండు రాశావంటే ఆఫీసరు పెద్దది పట్టుకుంటాడు, లాయరు చిన్నది పట్టుకుంటాడు. మధ్యలో నువ్వు నలుగుతావు" అనేవారు. మాట నిజమే. కానీ యంత్రం ఇచ్చేది నంబరొక్కటే కాదు. అడిగితే గీత కూడా గీస్తుంది. ఏ నూనైనా వెలుగుతుంది గానీ అన్నీ ఒకే రంగులో వెలగవు. డీజిల్ లాంటి పలచని నూనెకి గీతలో గుట్ట ఎడమవైపు లేస్తుంది. తారు లాంటి చిక్కటిదానికి కుడివైపు. మా రిపోర్టులో గీతకి చోటు లేదు. ఎందుకు లేదని ఎవరూ అడగలేదు, మొగపాలెం దాకా.

మొగపాలెం

కాలవ సముద్రంలో కలిసే చోటుని అక్కడ మొగ అంటారు. పత్తి చేలల్లోంచి, మిరప చేలల్లోంచి వచ్చే మురుగంతా మొగలో కలుస్తుంది. దాని ఒడ్డునే ఊరు, ఊరి చివర ఒక తాటాకు పాక. పాకలో డీజిల్ డ్రమ్ములు, చేతి పంపు. ఇంజను పడవలకి డీజిల్ పోసేది నాగూర్‌బీ. యాభై దాటిన మనిషి. ఆమె ఇంట్లో మాట్లాడితే పడవలో ఉన్నవాళ్లు సమాధానం చెప్పేవాళ్లు.

ఆ ఏడు, వేసవిలో రెండు నెలలుండే చేపల వేట నిషేధానికి కొంచెం ముందు, చేపల వ్యాపారులు రెండుసార్లు గంపలు తిప్పి పంపారు. చేప కిరసనాయిలు వాసన కొడుతోందన్నారు. ఊరు మొత్తం తిరిగి డీజిల్ పాక వైపు చూసింది. ఫిర్యాదు ఎమ్మార్వో గారికి వెళ్లింది, అక్కడి నుంచి మాకొచ్చింది.

పెద్దాయన, నేను వెళ్లాం. కాలవ ఎగువన ఒకచోట మోకాలి లోతు బురదలో దిగి చేత్తోనే నమూనా తీశాం. పాక ఎదురుగా లోతు ఎక్కువ, పడవ కావాలి. ఊరిపెద్ద పోలయ్య పడవ సిద్ధంగా ఉంచాడు. నల్లగా నిగనిగలాడుతూ ఉంది.

"ఏంటి పోలయ్య గారూ, పెళ్లికూతుర్ని తెచ్చారు?" అన్నాను.

"ఆఫీసర్లు ఎక్కే పడవ పాతగా ఉంటే మాకు నామర్దా కాదాండీ. మీరొస్తున్నారనే తారు పూయించాను" అన్నాడు.

అందరూ నవ్వారు. నమూనా తీసే మనుషులుగా ఆ మాటకి మేం ఒడ్డునే ఆగిపోవాలి. కానీ దాన్ని బయటికి లాగింది జోకు కాబట్టి జోకులో కలిసిపోయింది. బురద తీసే పరికరం ఇనప దవడలా ఉంటుంది. తాడు కట్టి దించితే అడుగున నోరు మూసుకుని గుప్పెడు బురద పట్టుకొస్తుంది. దాన్ని పడవ అంచుకి రాసుకుంటూ పైకి లాగాం.

నాగూర్‌బీ ఒడ్డున నడుం మీద చేతులేసుకుని నిలబడి చూస్తోంది. "తవ్వండి, బాగా తవ్వండి. మా తాతలు దాచిన బంగారం తగిలితే నాక్కూడా ఒక ముక్క చెప్పండి" అంది.

ఎగువ బురదలో నూనె మామూలుగా ఉంది. పాక ఎదుటి బురదలో దానికి ఎన్నో రెట్లు వచ్చింది. ఒకే నంబరు, పెద్దాయన సంతకం. ఎమ్మార్వో గారు పాకకి తాళం వేయించి, తాళానికి లక్క ముద్ర కొట్టించారు.

నంబరుకేం

పాక మూతపడ్డాక వారానికి నాగూర్‌బీ బస్సులో గుంటూరు వచ్చింది. మేడ మెట్లెక్కి, చెప్పులు బయట విడిచి, పెద్దాయన బల్ల ముందు నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"చుక్క కింద పోతే నష్టం నాది కాదా అయ్యా? కొనుక్కొచ్చిన డీజిల్ కాలవలో పోసుకునేంత పిచ్చిదాన్లా కనబడుతున్నానా?"

"నంబరు అలా వచ్చిందమ్మా."

"నంబరుకేం, పెళ్లామా పిల్లలా? ఎలాగైనా వస్తుంది. వచ్చే నెల వేట మొదలు. ఆ రోజుకి పాక తెరిచి లేకపోతే బోట్లన్నీ పక్క రేవుకి పోతాయి. ఒకసారి అక్కడ అలవాటు పడ్డాక, మీరు తర్వాత తాళం తీస్తే ఎంత, తీయకపోతే ఎంత?"

ఆమె నా వైపు తిరిగింది.

"నీ పేరేంటి బాబూ?"

"మస్తాన్ వలీ అండీ."

"మంచిది," అని వెళ్లిపోయింది. ఆ మాటతో నన్ను ఏమీ అడగలేదు. అడిగి ఉంటే తేలిగ్గా ఉండేది, లేదని చెప్పేసేవాణ్ణి.

పాక ఎదుటి బురద నుంచి నూనె లాగిన ద్రావకం ఇంకా కొంత ఫ్రిజ్‌లో ఉంది. యంత్రంలో పెట్టి ఈసారి గీత అడిగాను. గుట్ట కుడివైపు లేచింది. డీజిల్‌ది ఎడమవైపు కదా ఉండాలి. అనుమానం తీరక జీపు ట్యాంకులోంచి పైపుతో కాస్త డీజిల్ లాగాను. లాగడంలో కొంచెం మింగాను కూడా, ఆ పూట నా మీద కాంతి వేసుంటే నేనూ వెలిగేవాణ్ణి. దాని గుట్ట చక్కగా ఎడమవైపే ఉంది. పాక ముందు బురదలో ఎడమవైపు ఉన్నది చీమంత. కుడివైపు ఉన్నది కొండవీడు.

మరి ఆ కొండ ఎవరిది? ఇంటికెళ్లి దండెం మీద ఆరేసిన నా ప్యాంటు చూశాను. మొగపాలెం వెళ్లిన రోజు వేసుకున్నదది. మోకాలి దగ్గర నల్లటి మరకలు, ఎంత ఉతికినా పోనివి.

పొద్దున్నే చెప్పాను. "సార్, అది డీజిల్ కాదు. మనం ఎక్కిన పడవ."

శ్రీనివాసు మొహంలో నవ్వు మొదలైంది, తర్వాతి ముక్క కోసం ఎదురు చూస్తున్నాడు. పెద్దాయన "అయ్యిందా?" అన్నారు.

"కాలేదండీ. ఇది జోకు కాదు."

ఈ వృత్తిలో నేను అన్నిటికంటే కష్టపడి చెప్పిన వాక్యం అదే. ఏళ్ల తరబడి నవ్వించినవాడి మాట ఒకరోజు హఠాత్తుగా నమ్మమంటే ఎవరు నమ్ముతారు? ప్యాంటు మీది తారు మరకల సంగతి చెప్పి, గీతలు రెండూ బల్ల మీద పెట్టాను. ఆయన చూడలేదు. నన్ను చూశారు.

"ఆవిడ మీవాళ్లా?"

లాబ్‌లో స్టవ్ మీద నీళ్ల ఫ్లాస్కు కుతకుతమంటోంది. పొదిలి నుంచి మొగ దాకా ఉన్న ముస్లింలంతా నా మేనమామ కొడుకులని అనుకునేవాళ్లు నాకు కొత్త కాదు. ఆయన నోటి నుంచి వినడం కొత్త.

"అవునండీ, మావాళ్లే. డీజిల్ కూడా మావాడే అనుకోండి. కానీ ఇది డీజిల్ కాదు."

ఆయన మొహం ఎర్రబడింది. లేచి బయటికెళ్లి వరండాలో చాలాసేపు నిలబడ్డారు. నేను ఫ్లాస్కు కింద మంట తగ్గించాను, చేయడానికి ఇంకేమీ తోచక. ఆయన రిటైర్మెంట్‌కి ఇంకా కొన్ని నెలలే ఉంది. ఆ నంబరు మీద ఆయన సంతకం ఉంది, సంతకం మీద ఎమ్మార్వో ముద్ర ఉంది. వెనక్కి తీసుకుంటే పైవాళ్లు ఊరుకోరు.

లోపలికొచ్చి, "ఆ ప్యాంటు ఎక్కడుంది?" అన్నారు.

మోకాలి దగ్గర ముక్క ఆయనే కత్తిరించి హెక్సేన్‌లో వేశారు. మధ్యాహ్నానికి గీత వచ్చింది. బురద గీతని, ప్యాంటు గీతని ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ అద్దానికి ఆనించారు. గుట్ట మీద గుట్ట సరిగ్గా కూర్చుంది. శ్రీనివాసు నవ్వు ఆపేశాడు.

నాతో క్షమాపణ లాంటిదేమీ అనలేదు. "ఈ గీతలు రిపోర్టులో పెట్టే పద్ధతి లేదు. పెడదాం" అన్నారంతే. ఆయన లెక్కలో అది పెద్ద మాటే.

తెప్ప

రెండోసారి నమూనా తీస్తామని పెద్దాయన ఫోన్ చేస్తే ఎమ్మార్వో గారు "మీ లాబ్‌లో నంబర్లు నెలకొకటి మారతాయాండీ?" అన్నారట. అయినా వచ్చారు. వేటకి ఇంకో వారం ఉంది. ఒడ్డున ఊరంతా ఉంది.

పడవ తారు నమూనాలో కలిసిందని పెద్దాయన చెప్పగానే గుంపు కదిలింది. పోలయ్య ముందుకొచ్చాడు.

"అంటే మేం కావాలని ఆ తల్లిని ఇరికించామంటారా? పిలిచి పడవిచ్చిన పాపానికి కుట్రదారులమా?"

వెనక నుంచి ఎవరో "ఒరేయ్, జీపు పోనీయకండి" అన్నారు. ఎమ్మార్వో గారి జవాను ఒకడుగు వెనక్కేశాడు. నలుగురు కుర్రాళ్లు నిజంగానే జీపు ముందు కూర్చున్నారు. పెద్దాయనకి వివరించడం వచ్చు గానీ సర్దిచెప్పడం రాదు.

"కుట్ర కాదు పోలయ్య గారూ," అన్నాను. "కుట్ర చేసేవాడు అంత ఖరీదైన తారు వాడడు. మాకు మర్యాద ఎక్కువైంది. ఈసారి కాస్త తగ్గించండి."

ఎవరో నవ్వారు. పోలయ్య నవ్వలేదు. నన్నూ, పెద్దాయన్నీ మార్చి మార్చి చూశాడు.

"తారు లేని పడవ ఈ ఊళ్లో లేదు. తెప్ప ఉంది. ఎక్కుతారా?"

తెప్ప అంటే నాలుగు దుంగలు కలిపి కట్టినది. అంచులుండవు, కూర్చుంటే కాళ్లు నీళ్లలోనే. పెద్దాయనకి ఈత రాదు. నేను ఎక్కబోతే ఆపారు. "మొదటిదాని మీద సంతకం నాది" అన్నారు. చివరికి ఇద్దరం ఎక్కాం. ఇస్త్రీ ప్యాంటు మోకాళ్ల దాకా మడిచిన విశ్వనాథం గారిని చూసింది ఆ ఒక్కసారే.

పోలయ్య గెడ వేస్తున్నాడు. పోటు తిరిగి నీళ్లు సముద్రంలోకి లాగుతున్నాయి, తెప్ప పాక ఎదురుగా నిలబడనంటోంది. కొత్త నూలు తాడుతో దవడని దించాం. మొదటిసారి ఖాళీగా వచ్చింది, ఆల్చిప్ప ఇరుక్కుని నోరు మూసుకోలేదు. రెండోసారి బరువుగా వచ్చింది. దాన్ని అందుకోవడానికి పెద్దాయన వంగారు. తెప్ప ఒకవైపు లేచింది. ఆయన నడుం దాకా నీళ్లలోకి జారిపోయారు. దవడ మాత్రం రెండు చేతులతో తల మీద ఎత్తి పట్టుకున్నారు.

పోలయ్య గెడ వదిలేసి ఆయన కాలరు పట్టుకున్నాడు. "దాన్ని నా చేతికిచ్చి నన్ను పట్టుకోండి సారూ."

"నువ్వు ముట్టుకోవద్దు. నీ చేతులకి ఇంజను నూనె ఉంటుంది" అన్నారు పెద్దాయన, గడ్డం దాకా నీళ్లొస్తుంటే.

తెప్ప మొగలోకి తిరుగుతోంది. అవతల అల విరిగే చోటు కనబడుతోంది. ఒడ్డు మీంచి నాగూర్‌బీ గొంతు వినబడింది. "బురద పోతే పోయింది, మనిషిని లాగండ్రా!"

నేను ఆయన నడుం బెల్టు పట్టుకున్నాను, పోలయ్య చంకల కింద చేతులేశాడు. ఇద్దరం కలిసి దుంగల మీదకి ఈడ్చాం. రెండు పెన్నులూ సముద్రానికి పోయాయి. బురద పోలేదు. దాన్ని ఆయనే రేకులో చుట్టారు. ఇలాంటి చోట నమూనా వదిలెయ్యండి, మనిషిని కాపాడుకోండి. పెద్దాయన చేసింది గొప్ప పని అని మీకు ఎవరైనా చెబితే, చెప్పేవాడికి ఈత వచ్చో రాదో కనుక్కోండి.

ఒడ్డుకొచ్చాక పోలయ్య పడవ నుంచి గీకిన తారు, నాగూర్‌బీ డ్రమ్ములోంచి చెంచాడు డీజిల్ కూడా తీసుకున్నాం. అందుకోసం ఎమ్మార్వో గారే ముద్ర విప్పించి, మళ్లీ వేయించారు. ఆమె ముద్ర పడటం కళ్లార్పకుండా చూసింది.

కొంచెం

ఈసారి బురదలో కుడివైపు కొండ లేదు, ఆ కొండ పోలయ్య తారు గీతలో ఉంది. ఎడమవైపు చీమ మాత్రం అలాగే ఉంది, నాగూర్‌బీ డీజిల్ గీతలాగే. ఎగువ కన్నా కాస్త ఎక్కువ, భయపడేంత కాదు. అదే రాశాం. మొదటి రిపోర్టు తప్పని, వెనక్కి తీసుకుంటున్నామని పెద్దాయన ఒక వాక్యంలో రాసి సంతకం పెట్టారు. దానికి పైనుంచి సంజాయిషీ అడిగారు, ఆయన ఇచ్చారు, రిటైరయ్యేదాకా అది ఆయన ఫైల్లోనే ఉంది. నేను చూసిన ఇన్‌ఛార్జీల్లో తన నంబరుని తనే కొట్టేసినవాళ్లు ఇంకొకరు లేరు. మనిషిగా నాకు ఆయనతో పేచీలున్నాయి, ఒక ప్రశ్న ఆయన అడగకుండా ఉండాల్సింది. కెమిస్టుగా ఆయనకి నేను దణ్ణం పెడతాను.

"అయితే ఆవిడ తప్పు లేదనేగా?" అని అడిగారు ఎమ్మార్వో గారు.

"తప్పు చూపించే యంత్రం మా దగ్గర లేదండీ" అన్నారు పెద్దాయన.

వేట మొదలయ్యే రోజు పొద్దున ముద్ర విప్పారు. మేం కూడా వెళ్లాం. నాగూర్‌బీ డ్రమ్ముల మీద దుమ్ము తుడుస్తూ నన్ను పిలిచింది.

"నా డీజిల్ కొంచెం ఉందని రాశారంట?"

"ఉందండీ."

"ఆ కొంచెం కూడా కొట్టేయొచ్చుగా."

"కొట్టేస్తే మిగతాది నమ్మరు. తాళం మళ్లీ పడుతుంది."

ఆమె తుడుస్తున్న గుడ్డ పక్కన పడేసింది. పంపు గొట్టం కింద ఒక స్టీలు బేసిన్ తెచ్చిపెట్టింది. మొదట వచ్చింది పోలయ్య. డబ్బాలో డీజిల్ పడుతుంటే బేసిన్ వైపు చూసి, "ఏంటి, కొత్తగా వంటపాత్రలు?" అన్నాడు.

"బురద సాక్ష్యం చెబుతోందంట. నీకు తెలీదా?"

ఒక్క చుక్క కింద పడలేదు. పోలయ్య ఇంజను తిప్పాడు. పడవ కదులుతుంటే దాని వెనక నుంచి నల్లటి నీళ్లు కారి, మొగ మీద రంగురంగుల పొర పరుచుకుంది. పక్క పడవ నుంచి ఇంకొకటి. ఆ రోజు బయల్దేరిన ప్రతి పడవా తన వంతు వదిలి వెళ్లింది. ఊరంతా ఒడ్డునే ఉంది, ఎవరూ ఏమీ అనలేదు.

నేను జీపులోంచి సీసా తెచ్చుకుని నీళ్లలో దిగాను. నాగూర్‌బీ నా వెనకే వచ్చింది.

"ఇది కూడా నా పేరు మీదే రాస్తావా బాబూ?"

"పేర్లు రాయమండీ. చోటు రాస్తాం."

"మొన్నేం చోటు రాశారు?"

డీజిల్ పాక అని రాశాం. కొలవకముందే, బురద తీయకముందే, ఆ చోటుకి మేం పెట్టుకున్న పేరు అదే. ఆమె జవాబు కోసం నిలబడే ఉంది. సీసా చీటీ మీద "పడవలు ఆగే చోటు" అని రాసి ఆమె వైపు తిప్పి పట్టుకున్నాను. ఆమెకి చదవడం రాదు. చదివి వినిపించమంది.